పొట్ట కొవ్వు, జీవక్రియ ఆరోగ్యం, వ్యాయామం: తరచుగా అడిగే ప్రశ్నలు

పొట్ట తగ్గించుకోవాలని వ్యాయామం మొదలుపెట్టిన వారిలో చాలామంది, బరువు తూచే యంత్రం మీది అంకె కదలడం లేదన్న నిరాశతో కొన్ని వారాలకే మానేస్తారు. పొట్ట లోపల పేరుకున్న కొవ్వు గురించి ఆ అంకె చెప్పేది తక్కువ. నడుము చుట్టుకొలత, రక్తపోటు, రక్తంలోని చక్కెర, కొవ్వుల స్థాయులు, ఆయాసం లేకుండా చేయగలిగే పని చెప్పేదే ఎక్కువ. కింది సమాధానాలన్నీ ఆ దృష్టితో రాసినవే.

పొట్ట ఊబకాయం అంటే ఏమిటి? మామూలు ఊబకాయానికీ దీనికీ తేడా ఉందా?

ఉంది. పొట్ట భాగంలో కొవ్వు రెండు చోట్ల చేరుతుంది. ఒకటి చర్మం కింద ఉండే కొవ్వు. రెండు వేళ్లతో పట్టుకుంటే మడతగా చేతికి వచ్చేది ఇదే. రెండోది పొట్ట కండరాల వెనుక, పేగుల చుట్టూ, కాలేయానికి దగ్గరగా పేరుకునే లోపలి కొవ్వు. ఇది చేతికి చిక్కదు. పొట్ట ముందుకు పొడుచుకువచ్చి, నొక్కితే గట్టిగా తగిలేవారిలో చాలాసార్లు ఈ లోపలి కొవ్వే ఎక్కువగా ఉంటుంది.

కొవ్వు ఎంత ఉందన్న దానికంటే ఎక్కడ ఉందన్నది ముఖ్యమని మొదట గట్టిగా చెప్పిన వారిలో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరానికి చెందిన వైద్యుడు ఝాన్ వాగ్ ఒకరు. తొడలు, పిరుదుల దగ్గర కొవ్వు చేరేవారి కంటే నడుము పైభాగంలో చేరేవారికే మధుమేహం, రక్తనాళాల జబ్బులు ఎక్కువగా వస్తున్నాయని ఆయన 1947లోనే రాశారు. ఆ పరిశీలనకు తగినంత గుర్తింపు రావడానికి దశాబ్దాలు పట్టింది. జపాన్‌లోని సుమో మల్లయోధులు దీనికి మంచి ఉదాహరణ. అంత భారీ శరీరం ఉన్నా, కఠోర సాధన చేస్తున్నంత కాలం వారి కొవ్వులో ఎక్కువ భాగం చర్మం కిందే ఉంటుంది. లోపలి కొవ్వు ఆ శరీరానికి ఊహించినంత ఉండదు.

లోపలి కొవ్వు ఎందుకంత ప్రమాదకరం?

కొవ్వు కణజాలం ఊరికే పడి ఉండే పదార్థం కాదు. అది హార్మోన్లను, వాపును ప్రేరేపించే రసాయనాలను నిరంతరం విడుదల చేస్తుంది. లోపలి కొవ్వు పెరిగినకొద్దీ వాపును పెంచే రసాయనాలు ఎక్కువవుతాయి, ఇన్సులిన్ సక్రమంగా పనిచేయడానికి తోడ్పడే అడిపోనెక్టిన్ అనే హార్మోను తగ్గుతుంది. పైగా పేగుల చుట్టూ ఉన్న కొవ్వు నుంచి వచ్చే రక్తం నేరుగా కాలేయానికి చేరుతుంది కాబట్టి, అక్కడ విడుదలయ్యే కొవ్వు ఆమ్లాల తాకిడి ముందుగా పడేది కాలేయం మీదే. కాలేయంలో కొవ్వు చేరడం, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే ఒక రకం కొవ్వు పెరగడం, అవసరం లేని వేళల్లో కూడా కాలేయం గ్లూకోజును రక్తంలోకి వదలడం దాని పర్యవసానాలే.

దీన్ని మరో కోణం నుంచి కూడా చూడాలి. చర్మం కింది కొవ్వును శరీరం ఏర్పాటు చేసుకున్న గిడ్డంగి అనుకుంటే, ఆ గిడ్డంగి సామర్థ్యం అందరికీ ఒకేలా ఉండదు. అది నిండిపోయాక మిగులు కొవ్వు చేరకూడని చోట్లకు, అంటే కాలేయానికి, క్లోమానికి, కండరాలకు, పేగుల చుట్టూ ఉన్న ఖాళీలకు మళ్లుతుంది. ఈ లెక్కన పెరిగిన పొట్ట ప్రమాదానికి కారణమే కాదు, శరీరం తన నిల్వ సామర్థ్యాన్ని దాటిపోయిందనడానికి ఒక సంకేతం కూడా.

అయితే లైపోసక్షన్‌తో కొవ్వు తీయించుకుంటే సరిపోతుంది కదా?

సరిపోదు. ఊబకాయం ఉన్న 15 మంది మహిళలపై జరిగిన ఒక అధ్యయనం 2004లో వెలువడింది. వారి పొట్ట భాగం నుంచి పెద్ద మొత్తంలో, దాదాపు పది కిలోల వరకు కొవ్వును తొలగించినా, ఇన్సులిన్ పనితీరులో గానీ, రక్తపోటులో గానీ, రక్తంలోని చక్కెర, కొవ్వుల స్థాయులలో గానీ చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. లైపోసక్షన్ తీసేది చర్మం కింది కొవ్వునే. లోపలి కొవ్వు, కాలేయంలోని కొవ్వు అలాగే ఉండిపోతాయి. ఆహారం, వ్యాయామం ద్వారా ఇంతకంటే చాలా తక్కువ బరువు తగ్గినవారిలో కూడా ఈ కొలతలు మెరుగుపడతాయి. ఆకృతి కోసం చేయించుకునే శస్త్రచికిత్సను జీవక్రియకు చికిత్సగా భావించకూడదు.

మెటబాలిక్ సిండ్రోమ్ అని దేనిని అంటారు?

ఇన్సులిన్‌కు కణాలు సరిగా స్పందించకపోవడం, రక్తపోటు, రక్తంలో కొవ్వుల అస్తవ్యస్తత ఒకే మనిషిలో తరచూ కలిసి కనిపిస్తాయని 1988లో అమెరికన్ వైద్యుడు జెరాల్డ్ రీవెన్ వివరించి, ఆ సముదాయానికి సిండ్రోమ్ ఎక్స్ అని పేరు పెట్టారు. తర్వాత అదే మెటబాలిక్ సిండ్రోమ్‌గా స్థిరపడింది. 2009లో పలు అంతర్జాతీయ సంస్థలు కలిసి అంగీకరించిన ప్రకారం, కింది ఐదింటిలో ఏ మూడు ఉన్నా ఈ స్థితి ఉన్నట్టే: నడుము చుట్టుకొలత పరిమితి దాటడం, ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు 150 మి.గ్రా. లేదా అంతకంటే ఎక్కువ ఉండడం. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ పురుషుల్లో 40 కంటే, స్త్రీలలో 50 కంటే తక్కువ ఉండడం. రక్తపోటులో పై అంకె 130 లేదా కింది అంకె 85కు చేరడం. పరగడుపున చక్కెర 100 మి.గ్రా. లేదా అంతకంటే ఎక్కువ ఉండడం. వీటికి మందులు వాడుతూ ఉంటే, అంకెలు అదుపులో ఉన్నా ఆ అంశం ఉన్నట్టుగానే లెక్కిస్తారు.

విడివిడిగా చూస్తే వీటిలో ఏదీ భయపెట్టే అంకె కాదు. పరగడుపున చక్కెర 104, రక్తపోటు 132, ట్రైగ్లిజరైడ్లు 170 అని వచ్చిన నివేదికను చూసి కొద్దిగా ఎక్కువే అనుకుని పక్కన పెట్టేస్తారు. ఆ మూడూ ఒకే కాగితం మీద ఉన్నాయన్నదే అసలు విషయం. మధుమేహం, గుండె జబ్బు వచ్చే అవకాశం పెరగడం అప్పటికే మొదలైంది, వెనక్కి మళ్లించడానికి వీలు కూడా అప్పుడే బాగా ఉంటుంది.

నడుము చుట్టుకొలతను సరిగ్గా ఎలా తీసుకోవాలి?

ప్యాంటు సైజు నడుము కొలత కాదు. పొట్ట పెరిగినవారు ప్యాంటును పొట్ట కిందికి దించి కట్టుకుంటారు కాబట్టి, ఏళ్ల తరబడి ఒకే సైజు వేసుకుంటున్నా నడుము పెరిగి ఉండవచ్చు. సాగని టేపు తీసుకుని, దుస్తులు తొలగించి, పాదాలు దగ్గరగా పెట్టి నిటారుగా నిలబడండి. పక్కకు చేయి పెట్టి తడిమితే చివరి పక్కటెముక కింది అంచు, దాని కింద తుంటి ఎముక పై అంచు తగులుతాయి. ఈ రెండింటి నడిమధ్యన టేపు చుట్టాలి. చాలామందిలో ఇది బొడ్డుకు కొంచెం పైగా వస్తుంది. టేపు ముందూ వెనుకా నేలకు సమాంతరంగా ఉందో లేదో అద్దంలో చూసుకోండి. వీపు వైపు జారిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. టేపు చర్మాన్ని ఆనుకోవాలి గానీ నొక్కకూడదు. శ్వాసను మామూలుగా వదిలి, పొట్టను లోపలికి లాగకుండా, ఆ క్షణంలో కనిపించిన అంకెను రాసుకోండి. రెండుసార్లు కొలిచి సగటు తీసుకుంటే మరీ మంచిది. ప్రతిసారీ ఒకే చోట, రోజులో ఒకే వేళకు కొలిస్తేనే పోల్చుకోవడానికి పనికివస్తుంది.

ఎంత దాటితే ఎక్కువ అనుకోవాలి?

జాతి సమూహాలను బట్టి ఈ పరిమితులు మారతాయి. దక్షిణాసియా మూలాలున్న పురుషులకు 90 సెం.మీ., స్త్రీలకు 80 సెం.మీ. పరిమితిగా అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య సూచించింది. యూరోపియన్ మూలాలున్న పురుషులకు అదే సమాఖ్య 94 సెం.మీ. అంది. అమెరికాలో చాలాకాలంగా వాడుతున్న పరిమితులు పురుషులకు 102, స్త్రీలకు 88 సెం.మీ. ఒకే బరువు దగ్గర దక్షిణాసియా వారిలో కండ తక్కువగా, లోపలి కొవ్వు ఎక్కువగా ఉంటుంది కాబట్టి వారికి తక్కువ పరిమితి పెట్టడం సమంజసమే. జపాన్ 2008 నుంచి 40–74 ఏళ్ల వారి ఆరోగ్య పరీక్షల్లో నడుము కొలతను చేర్చింది. అక్కడ పురుషులకు 85, స్త్రీలకు 90 సెం.మీ. పరిమితి.

ఇన్ని అంకెలు గుర్తుపెట్టుకోవడం కష్టమనిపిస్తే, నడుము చుట్టుకొలత మీ ఎత్తులో సగం కంటే తక్కువ ఉండాలన్న సూత్రం చాలు. ఎత్తు 164 సెం.మీ. అయితే నడుము 82 లోపు ఉండాలి. ఇది స్త్రీపురుషులిద్దరికీ ఒకేలా వర్తిస్తుంది. బ్రిటన్ మార్గదర్శకాలు కూడా 2022 నుంచి దీన్నే సూచిస్తున్నాయి.

బరువు, బీఎంఐ మామూలుగానే ఉంటే నిశ్చింతగా ఉండవచ్చా?

ఉండకూడదు. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూపే సూచిక అయిన బీఎంఐ కండకూ కొవ్వుకూ తేడా చూపదు, కొవ్వు ఎక్కడుందో అసలే చెప్పదు. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చినవారి బీఎంఐ 23 ఉన్నా, లోపల ఇన్సులిన్ పనితీరు దెబ్బతిని ఉండవచ్చు. సన్నగా ఉన్నాను కదా అన్న ధీమాతో వీరు పరీక్షలు చేయించుకోరు, చుట్టుపక్కల వారూ హెచ్చరించరు. అందుకే ఈ వర్గం గురించి ప్రత్యేకంగా చెప్పవలసి వస్తోంది. వైద్యులు రక్తపోటు చూసినంత మామూలుగా నడుమును కూడా కొలవాలని 2020లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి కోరింది.

పొట్ట దగ్గరే కొవ్వు ఎందుకు చేరుతుంది?

వంశపారంపర్యం, వయసు, హార్మోన్లు కొంతవరకు నిర్ణయిస్తాయి. రుతుక్రమం ఆగిపోయాక ఈస్ట్రోజన్ తగ్గడంతో స్త్రీలలో కొవ్వు తొడల నుంచి పొట్ట వైపు మళ్లుతుంది. బరువు పెద్దగా పెరగకుండానే నడుము పెరగడానికి కారణం అదే. వయసుతో కండ తగ్గడం, నిద్ర చాలకపోవడం, దీర్ఘకాలిక మానసిక ఒత్తిడి, మద్యం, గంటల తరబడి కదలకుండా కూర్చోవడం దీనికి తోడవుతాయి. పొగతాగేవారు బరువు తక్కువగా ఉన్నా, ఆ బరువుకు ఉండవలసిన దానికంటే వారి నడుము ఎక్కువగా ఉండే అవకాశముంది. స్టెరాయిడ్ మందులను దీర్ఘకాలం వాడేవారు పొట్ట పెరుగుదలను వైద్యుడి దృష్టికి తేవాలి గానీ మందును సొంతంగా ఆపకూడదు.

పొట్ట కండరాల వ్యాయామాలు చేస్తే పొట్ట కొవ్వు కరుగుతుందా?

పడుకుని లేచే వ్యాయామాలు, క్రంచెస్ వంటివి పొట్ట కండరాలను బలపరుస్తాయి. నడుము నొప్పి రాకుండా అవి మేలు చేస్తాయి కూడా. వాటి మీద ఉన్న కొవ్వును మాత్రం ప్రత్యేకించి కరిగించవు. పనిచేసే కండరం తనకు కావలసిన ఇంధనాన్ని రక్తం నుంచి తీసుకుంటుంది; ఆ రక్తంలోకి కొవ్వు శరీరమంతటి నుంచీ వస్తుంది. ఏళ్ల తరబడి ఒకే చేత్తో రాకెట్ పట్టిన టెన్నిస్ ఆటగాళ్ల రెండు చేతులనూ 1971లో పరిశోధకులు పోల్చి చూశారు. ఆడే చెయ్యి కండపట్టి లావుగా ఉంది. చర్మం కింది కొవ్వు మందం మాత్రం రెండు చేతులకూ ఒకేలా ఉంది. పొట్ట తగ్గిస్తామని చెప్పే బెల్టులకూ, కంపన యంత్రాలకూ డబ్బు పోసే ముందు ఈ ఒక్క విషయం గుర్తుచేసుకోవాలి.

మరి వ్యాయామం లోపలి కొవ్వును ఎలా తగ్గిస్తుంది?

శరీరం కష్టపడుతున్నప్పుడు విడుదలయ్యే అడ్రినలిన్ వంటి హార్మోన్లకు లోపలి కొవ్వు కణాలు చర్మం కింది వాటికంటే చురుగ్గా స్పందించి, దాచుకున్న కొవ్వును వదులుతాయి. పనిచేస్తున్న కండరాలు కూడా కొన్ని సంకేత రసాయనాలను రక్తంలోకి పంపుతాయి. వాటిలో ఇంటర్‌ల్యూకిన్-6 ఒకటి. పొట్ట ఊబకాయం ఉన్నవారి చేత 12 వారాలు సైకిల్ వ్యాయామం చేయించిన ఒక ప్రయోగంలో, ఈ రసాయనాన్ని మందుతో అడ్డుకున్నవారిలో లోపలి కొవ్వు తగ్గలేదు. అడ్డుకోని వారిలో తగ్గింది. అంటే కేలరీల ఖర్చు ఒక్కటే కాకుండా, కండరం పంపే సంకేతానికీ ఇందులో పాత్ర ఉందన్నమాట.

చక్కెర విషయంలో జరిగేది మరింత ఆసక్తికరం. మామూలుగా గ్లూకోజు కండర కణంలోకి వెళ్లాలంటే ఇన్సులిన్ సంకేతం అందాలి. ఆ సంకేతంతో గ్లట్-4 అనే రవాణా ప్రొటీన్లు కణం ఉపరితలానికి వచ్చి గ్లూకోజును లోపలికి తీసుకుంటాయి. కండరం సంకోచించినప్పుడు అవే ప్రొటీన్లు ఇన్సులిన్‌తో నిమిత్తం లేకుండా పైకి వస్తాయి. ఇన్సులిన్ పనితీరు దెబ్బతిన్నవారిలో కూడా ఈ రెండో మార్గం చాలావరకు తెరుచుకునే ఉంటుంది. వ్యాయామం ముగిశాక కూడా ఇన్సులిన్‌కు కండరాలు బాగా స్పందించే స్థితి ఒకటి రెండు రోజుల పాటు నిలుస్తుంది, ఆ తర్వాత తగ్గిపోతుంది. వారానికి ఒక్కరోజు గంటల తరబడి చేసి మిగతా రోజులు ఊరుకోవడం కంటే, రెండు రోజులకు మించి విరామం లేకుండా చేయాలని మధుమేహ నిపుణులు చెప్పేది ఇందుకే.

బరువు తగ్గకపోతే వ్యాయామం వృథా అయినట్టేనా?

ఈ ప్రశ్నకు సూటిగా చెప్పవలసిన సమాధానం: కానే కాదు. ఊబకాయం ఉన్న పురుషులపై జరిపి 2000లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఒక బృందం చేత రోజూ వ్యాయామం చేయిస్తూనే, బరువు తగ్గకుండా ఆహారాన్ని సరిపెట్టారు. వారి బరువు మారలేదు, లోపలి కొవ్వు మాత్రం తగ్గింది. కండ కొంత పెరిగి కొవ్వు కొంత తగ్గినప్పుడు యంత్రం ఈ రెండు మార్పులనూ కలిపి సున్నాగా చూపుతుంది.

1950లలో లండన్ బస్సు ఉద్యోగులపై బ్రిటిష్ వైద్య పరిశోధకుడు జెరీ మోరిస్ చేసిన పరిశోధన ఈ విషయంలో ఇప్పటికీ చదవదగినది. పని గంటలన్నీ కూర్చునే డ్రైవర్ల కంటే, రెండంతస్తుల బస్సుల్లో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండె జబ్బు తక్కువగా ఉందని 1953లో ఆయన బృందం చూపింది. డ్రైవర్లు మొదటినుంచీ లావుగా ఉన్నవారేమో అన్న సందేహం వచ్చింది. దాన్ని తేల్చడానికి వారు యూనిఫాం కొలతల రికార్డులను తిరగేశారు. డ్రైవర్ల ప్యాంటు నడుము కొలత నిజంగానే ఎక్కువగా ఉంది. ఆ తేడాను లెక్కలోకి తీసుకున్నా కండక్టర్లకున్న రక్షణ చెరిగిపోలేదు. సన్నగా ఉన్నా, మధ్యస్థంగా ఉన్నా, లావుగా ఉన్నా, హఠాత్తుగా గుండె ఆగి చనిపోయే ప్రమాదం డ్రైవర్ల కంటే వారికి తక్కువే.

మధుమేహం అంచున ఉన్న 3,234 మందితో అమెరికాలో జరిగి 2002లో ఫలితాలు వెలువడిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఇంకో ఆధారం. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యాలుగా పెట్టుకున్న బృందంలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే మధుమేహ మాత్ర వేసుకున్న బృందంలో 31 శాతం తగ్గింది. జీవనశైలి బృందంలో బరువు లక్ష్యాన్ని చేరలేకపోయినా వ్యాయామ లక్ష్యాన్ని చేరినవారికి, రెండూ చేరనివారి కంటే మధుమేహం 44 శాతం తక్కువగా వచ్చింది.

ఎంత వ్యాయామం, ఏ రకం చేయాలి?

పెద్దలు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం చేయాలని, కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామాలు కూడా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. మాట్లాడగలిగినా పాట పాడలేనంత ఆయాసం వస్తే అది మధ్యస్థం. నాలుగు మాటలకే ఆగి ఊపిరి తీసుకోవలసి వస్తే తీవ్రం. లోపలి కొవ్వును తగ్గించడంలో వేగపు నడక, సైకిల్, ఈత వంటివాటికే బలమైన ఆధారాలున్నాయి. బరువులెత్తే వ్యాయామాలు గ్లూకోజును తీసుకునే కండను కాపాడతాయి, కాబట్టి ఒకదాన్ని ఎంచుకుని మరొకదాన్ని వదిలేయకుండా రెండూ చేయడమే మేలు. వయసు మళ్లినవారికి కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి చేసే పుషప్‌లు మంచి ఆరంభం. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు; రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవారు 150 నిమిషాల అంకెను చూసి వెనుకాడనక్కర్లేదు. అసలు కదలని స్థితి నుంచి రోజుకు పది నిమిషాల నడకకు మారినప్పుడు వచ్చే ప్రయోజనం చాలా పెద్దది.

రోజంతా కూర్చుని చేసే పని. ఉదయం గంట నడిస్తే సరిపోతుందా?

ఆ గంట నడక విలువైనదే, దాన్ని వదలకండి. మిగిలిన పది గంటలూ కదలకపోతే భోజనం తర్వాత చక్కెర ఎక్కువగా పెరుగుతుంది. ప్రతి అరగంటకు ఒకసారి లేచి రెండు నిమిషాలు నడవడం, భోజనం చేశాక పది పదిహేను నిమిషాలు నడవడం ఆ పెరుగుదలను స్పష్టంగా తగ్గిస్తాయి.

ఆహారం మార్చకుండా వ్యాయామం ఒక్కటే చాలా?

లోపలి కొవ్వు కొంత తగ్గుతుంది. బరువు బాగా తగ్గాలంటే మాత్రం ఆహారంలో కేలరీలు తగ్గక తప్పదు. అరగంట నడకలో ఖర్చయ్యే శక్తిని ఒక గ్లాసు తీపి పానీయం తిరిగి ఇచ్చేస్తుంది. ఆహారం బాగా తగ్గించి వ్యాయామం చేయనివారిలో కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. బరువు తగ్గించే ఇంజెక్షన్లు వాడుతున్నవారికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

మొదలుపెట్టే ముందు ఎవరు వైద్యుణ్ణి సంప్రదించాలి?

గుండె జబ్బు ఉన్నవారు, నడిస్తే ఛాతీలో బరువుగా అనిపించేవారు, కళ్లు తిరిగేవారు, చాలాకాలంగా మధుమేహం ఉండి కంటి వెనుక పొర దెబ్బతిన్నవారు, పాదాల్లో స్పర్శ తగ్గినవారు తప్పనిసరిగా సంప్రదించాలి. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారిలో వ్యాయామం వల్ల చక్కెర మరీ పడిపోవచ్చు. ముందుగా పరీక్షించుకుని 90 మి.గ్రా. కంటే తక్కువ ఉంటే కొంచెం తిని మొదలుపెట్టాలి, తీపి పదార్థం జేబులో ఉంచుకోవాలి. వ్యాయామం మధ్యలో ఛాతీ నొప్పి, ఎడమ చేతికి లేదా దవడకు పాకే నొప్పి, చల్లటి చెమటలు వస్తే వెంటనే ఆపి అత్యవసర వైద్యం పొందాలి.

ఎన్నాళ్లకు ఫలితం కనిపిస్తుంది? ఏం కొలుచుకోవాలి?

చక్కెర మీద ప్రభావం మొదటి రోజు నుంచే ఉంటుంది. రక్తపోటు, ట్రైగ్లిజరైడ్లలో మార్పు కొన్ని వారాల్లో తెలుస్తుంది. నడుములో తేడా కనిపించడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది కాబట్టి, టేపును రోజూ కాకుండా నెలకొకసారి తీయండి. గత రెండు మూడు నెలల చక్కెర సగటును చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షను మూడు నెలలకు ముందే చేయించడం వల్ల ప్రయోజనం ఉండదు. ఇవన్నీ పాటించినా ఆరు నెలల తర్వాత కూడా రక్తపోటు, చక్కెర పరిమితి దాటి ఉంటే మందులు అవసరమవుతాయి. వాటిని వ్యాయామం విఫలమైనందుకు పడిన శిక్షగా భావించి వాయిదా వేయకండి. రక్తపోటు గానీ చక్కెర గానీ మొదటి పరీక్షలోనే బాగా ఎక్కువగా ఉన్నవారు ఆ ఆరు నెలలు ఆగకుండా, మందులనూ నడకనూ ఒకేసారి మొదలుపెట్టాలి.